జాకీని లేపేదెవరు

మీరే చేశారిది. అటూ ఇటూ చూడకండి, వెనక ఇంకెవరైనా ఉన్నారేమోనని తిరక్కండి, మిమ్మల్నే అంటున్నది. పై అంతస్తులో తలుపులు బిగించుకుని, గిర్రున తిరిగే కుర్చీల్లో కూర్చుని, ఒక మనిషిని నర్సు అని చెప్పి తీసుకొచ్చి, అతని చేత నర్సు పని తప్ప తక్కినదంతా చేయించిన మీరే. ఆడవాళ్ల వార్డులో సూది వేయడానికి మగాడు వద్దు, గాయం కడగడానికి వద్దు, ఒళ్లు వెచ్చగా ఉందేమో చెయ్యి వేసి చూడ్డానికి కూడా వద్దు. మనిషిని మంచం మీంచి ఎత్తాలంటే మాత్రం అదే మగాడు, అవే చేతులు, పరుగున రావాలి. ఎత్తేటప్పుడు ఎక్కడ పట్టుకుని ఎత్తుతారనుకున్నారు, గాల్లోనా? ఈ ఒక్క ప్రశ్న మీలో ఒక్కరికీ తట్టలేదే. ఈ నడుము విరిచింది బరువు కాదు, మీ బుర్రలు.

ఇదంతా అతను పైకి అన్నది కాదు. పైకి అనాలంటే ఊపిరి కావాలి, ఊపిరి పీలిస్తే నడుములో కత్తి గిర్రున తిరుగుతోంది. అందుకని లోపలే అరుచుకుంటున్నాడు, ఆడవాళ్ల వార్డులో, కిటికీ పక్క మంచానికీ గోడకీ మధ్య, చల్లటి నేల మీద వెల్లకిలా పడుకుని. పడిపోయాడనడం కూడా తప్పే. అతను పడలేదు. ఎత్తిన మనిషిని జాగ్రత్తగా తిరిగి మంచం మీదికి చేర్చాడు, దిండు సర్దాడు, ఆ తర్వాత నడుము ఇక నావల్ల కాదంటే మంచం కమ్మీ పట్టుకుని మెల్లగా, మర్యాదగా, తనని తానే నేలమీదికి దించుకున్నాడు. తనని తాను దించుకోవడం వచ్చిన మనిషికి తనని తాను ఎత్తుకోవడం మాత్రం రావడం లేదు. ఎడమ కాలి బొటనవేలు ఒకటి ఉండాలి అక్కడ. బూటులో ఉందో లేదో తెలియడం లేదు. కదిలించాననుకున్నాడు. కదిలిందా? కుడివేలు కదిలింది, బూటు తోలు తగిలింది. ఎడమది అడిగితే పలకడం లేదు, పక్కింటివాళ్ల తలుపు కొట్టినట్టుంది. నడుములో పూస పక్కకి జారి నరం మీద కూర్చుందన్నమాట. ఇప్పుడెవరైనా మంచివాళ్లు వచ్చి సాయం చేద్దామని చంకల కింద చేతులు పెట్టి గుంజారో, ఆ నరం కాస్తా నలిగిందో, ఆ పాదం ఇక తనది కాదు. ఆ సంగతి ఇంత మందిలో తనకొక్కడికే గుర్తున్నట్టుంది.

ఇన్నేళ్లుగా మంచాలు చూశాడు గాని మంచాలకి ఇలాంటి అడుగుభాగం ఉంటుందని ఎప్పుడూ అనుకోలేదు. తుప్పు. పెయింటు బొట్లు కారి కారి గట్టిపడి పిల్లి గోళ్లలా వేలాడుతున్నాయి. ఎవరో ఎప్పుడో నమిలి అంటించిన బబుల్‌గమ్, దాని మీద వేలిముద్ర కూడా. కట్టు పీకి అంటించిన ప్లాస్టర్ ముక్క. ఒక తలపిన్ను. ఎవరో మింగకుండా నర్సమ్మ అటు తిరగ్గానే విసిరేసిన గులాబీరంగు మాత్ర, గోడ మూలలో. పైనుంచి చూస్తే తెల్లటి దుప్పటి, కింద ఇదీ సంగతి. ఈ ఆస్పత్రి మొత్తం ఇంతే, గోడలకి బయట రంగులేస్తారు, లోపలికి వంగి చూసేవాడు లేడు. ఇవాళ చూస్తున్నాడు, వేరే పని లేదు కాబట్టి. పైన పరుపు మధ్యలో కిందికి కుంగి ఉంది. ఆ కుంగినచోట అతను ఇందాక ఎత్తిన బేకరీ ఆవిడ ఉంది. తుంటి ఎముక విరిగి, ఆపరేషన్ అయి, కుర్చీలో కాసేపైనా కూర్చోవాలని డాక్టరు గట్టిగా చెప్పిన మనిషి. ఆవిడ కదిలినప్పుడల్లా స్ప్రింగులు కిర్రుమంటున్నాయి, ఆ కిర్రులో ఏడుపు కలిసి ఉంది.

"బాబూ, ఉన్నావా?"

ఎక్కడికి పోతానమ్మా, అనుకున్నాడు.

"నా బరువే నాయనా ఇదంతా. పొద్దున్న లేచి బిస్కెట్లు, రాత్రి పడుకోబోయే ముందు బన్నులు. మిగిలినవి పారేయడానికి మనసొప్పక తినేదాన్ని."

కాదమ్మా, కాదు. ఇదే ఒళ్లు మండిస్తుంది అతనికి, ఇదే. ఎత్తించుకున్న ప్రతి మనిషీ క్షమాపణ చెప్పుకోవడం. కాలు విరిగినందుకు క్షమాపణ, లావుగా ఉన్నందుకు క్షమాపణ, ముసలిదాన్నయినందుకు క్షమాపణ. చెప్పుకోవాల్సినవాళ్లు పై అంతస్తులో చప్పుడు లేకుండా ఉంటారు. పైనుంచి ఆవిడ చెయ్యి ఒకటి మంచం అంచు దాటి కిందికి వేలాడింది, పిండి పిసికి పిసికి గట్టిపడిన లావుపాటి వేళ్లు, అతని మొహానికి జానెడు దూరంలో ఆగాయి. పట్టుకోమని. అతను పట్టుకున్నాడు. ఈ వార్డులో రోగి చెయ్యి మగ నర్సు పట్టుకోకూడదు. రోగే నర్సు చెయ్యి పట్టుకుంటే ఏం చేయాలో మీ నిబంధనల్లో ఉందా సార్?

అసలు జరిగిందేమిటంటే, రెండు దగ్గర జరిగింది. ఎత్తడానికి అతనిదొక పద్ధతి ఉంది. ఎవరూ నేర్పింది కాదు, మనుషుల్ని ఎత్తి ఎత్తి దొరికింది. ఒకటి, రెండు, మూడు అని లెక్కపెడితే మూడు దగ్గర రోగి బిగుసుకుపోతుంది. మూడంటే లేపుతారని అందరికీ తెలుసు. ఆడవాళ్లయితే మరీను, ఎవరో మగాడు చంకలో చెయ్యి వేసి ఎత్తుతున్నాడంటే ఒళ్లంతా కొయ్యలా చేసుకుంటారు, కొయ్యని ఎత్తడం మనిషిని ఎత్తడం కంటే కష్టం. అందుకని అతను మూడు దాకా పోడు. ముందు ఏదో ఒక పిచ్చి మాట అంటాడు, వాళ్లు ఫక్కున నవ్వబోతారు, ఆ నవ్వబోయే క్షణంలో ఒకటి, రెండు, అంతే, లేచిపోయి ఉంటారు, మూడు అనేసరికి కుర్చీలో ఉంటారు. "అయిపోయిందా?" అని వాళ్లే ఆశ్చర్యపోతారు. ఆ క్షణం అతనికి ఇష్టం. నర్సు పనంటే అదే కదా, నొప్పికి తెలియకుండా దాని పక్కనుంచి మనిషిని దాటించడం. ఇవాళ కూడా అంతే, "ఏమ్మా, నిన్ను ఎత్తితే కేకు ఇస్తారా, పాత బన్నే పెడతారా?" అన్నాడు, ఆవిడ పొట్ట కదిలింది, ఒకటి, రెండు, ఎత్తేశాడు. అవతలి పక్క పట్టిన కొత్తమ్మాయి మూడు కోసం ఆగింది. పాపం, పిల్లల వార్డు నుంచి పొద్దున్నే ఇక్కడికి మార్చారు. కాలేజీలో మూడు దగ్గర ఎత్తాలని చెప్పారు. ఆ పిల్లకి ఇతని రెండు సంగతి చెప్పినవాడు లేడు. ఆ ఒక్క అంకె బరువంతా ఇతని నడుము మీద పడింది. మధ్యలో వదిలేస్తే ఆవిడ తుంటి మళ్లీ పోతుంది, కాబట్టి వదల్లేదు. టప్ మని లోపల ఏదో అంది. ఆ చప్పుడు తనకే వినిపించిందా, వార్డంతా వినిపించిందా?

"మీరు మూడు అనలేదన్నా," అంటోంది కొత్తమ్మాయి. అప్పట్నుంచీ అదే అంటోంది. అతనికి ఆ పిల్ల బూట్లు మాత్రమే కనిపిస్తున్నాయి, కొత్త తెల్ల బూట్లు, ఒక లేసు ఊడింది, బూట్ల మొనలు ఒకదాన్నొకటి తొక్కుకుంటున్నాయి. "నిజంగా అన్నా, నేను వింటూనే ఉన్నా. మూడు అనలేదు మీరు."

"అనలేదులే తల్లీ. ఏడవకు. లేసు కట్టుకో, లేకపోతే నువ్వూ ఇక్కడే పడుకోవాల్సొస్తుంది. చోటు లేదు."

ఇంత మాట అనడానికి మూడు చోట్ల ఆగాల్సి వచ్చింది. అయినా ఆ పిల్ల నవ్వలేదు. ఇంకా ఏడ్చింది.

కాళ్లు. జీవితమంతా కాళ్లే చూస్తున్నాడు కదా తను. చదువుకునే రోజుల్లో తరగతి నిండా ఆడపిల్లలు, మగపిల్లలు ఓ గుప్పెడు, వెనక బెంచీలో. టీచరమ్మ వచ్చి "చూడండమ్మాయిలూ" అని మొదలుపెట్టేది, కాసేపటికి వెనక బెంచీ కనిపించి "మీరు కూడా" అనేది. ఆ మీరు కూడా అన్న మాట ఇప్పటికీ చెవిలో ఉంది, భోజనాల్లో మిగిలితే పెడతాం అన్నట్టు. ప్రసూతి వార్డుకి పంపినప్పుడైతే అదీ లేదు. మగపిల్లలు తెర బయట నిలబడాలి. పరీక్షలో మాత్రం ప్రశ్న అందరికీ ఒకటే. తెర కింద జానెడు ఖాళీ ఉండేది, అందులోంచి కాళ్లు కనిపించేవి, డాక్టరమ్మ కాళ్లు, నర్సుల కాళ్లు. కాళ్లు మెల్లగా తిరుగుతుంటే ఇంకా టైముందని, మునివేళ్ల మీద లేస్తే బిడ్డ తల కనిపించిందని, అన్ని కాళ్లూ ఒక్కసారి మడమల మీదికి వాలితే బిడ్డ బయటపడిందని. పురుడు పోయడం బూట్లు చూసి నేర్చుకున్నవాళ్లు లోకంలో ఎవరైనా ఉన్నారా? వీళ్లు నేర్చుకున్నారు. పాసయ్యారు కూడా. దాన్ని చదువంటారు పెద్దలు. ఒక రోజు తెర లోపలినుంచి ఒకావిడ అరిచింది, "బయట నిలబడ్డ ఆ కుర్రాళ్లని లోపలికి రమ్మనండి, ఎవరో ఒకరు నా చెయ్యి పట్టుకోండి!" అని. ఎవరూ పంపలేదు. నొప్పులు పడుతున్న మనిషికే అభ్యంతరం లేకపోతే మరి ఎవరి పరువు కాపాడినట్టు ఆ తెర?

"ఎవరైనా మగాణ్ని పిలవండమ్మా! ఇంతమంది చూస్తూ నిలబడతారేం!" అవతలి మంచం మీది ముసలావిడ కేక. "మీ జాకీని పిలవండి!"

"జాకీయే కదమ్మమ్మా పడుకుంది," అంది పక్క మంచం మీదావిడ.

"ఆ? జాకీయా? మరి జాకీని లేపేదెవరు?"

వార్డులో ఎవరో కిసుక్కుమన్నారు. అతనికీ నవ్వొచ్చింది, నవ్వు నడుము దాకా వెళ్లి ఏడుపై తిరిగొచ్చింది. జాకీ. కారు టైరు మార్చేటప్పుడు కింద పెట్టి ఎత్తేది. ఎవరు పెట్టారో ఆ పేరు, చేరిన కొత్తలోనే పెట్టారు, అప్పుడు బాగానే ఉంది, భుజం తట్టినట్టుంది. ఫోను మోగితే చాలు, "జాకీ ఉన్నాడా, ఒకసారి పంపండి." మగవాళ్ల వార్డులో ఎవరికో కట్టు కడుతుంటే మధ్యలో. మందు ఇస్తుంటే మధ్యలో. అన్నం ముద్ద నోట్లో పెట్టుకుంటుంటే మధ్యలో. తాగొచ్చి గొడవ చేసేవాణ్ని పట్టుకోవాలి, జాకీ. ఆక్సిజన్ సిలిండరు మార్చాలి, జాకీ. బీరువా జరపాలి, జాకీ. శవాన్ని దించాలి, జాకీ. ట్రాలీలు తోసే మనుషులుండేవాళ్లు ఒకప్పుడు, వాళ్ల కాంట్రాక్టు అయిపోయిందని తీసేశారు, మిగిలిన ఒక్కడూ ఆపరేషన్ థియేటర్ దగ్గరే ఉండాలి. మళ్లీ మనుషుల్ని ఎందుకు పెట్టలేదంటే జాకీ ఉన్నాడు. ఒక నర్సు చదివిన చదువంతా ఎక్కడికి పోయింది? మెడ కింద నుంచి మోకాళ్ల దాకా ఉన్న కండలోకి పోయింది.

పోనీ రోగులైనా నర్సనుకుంటారా అంటే, తెల్లకోటు మగాడు కనిపిస్తే "డాక్టరు గారూ" అని లేచి కూర్చుంటారు, పక్కనున్న డాక్టరమ్మతో "సిస్టరూ, మంచినీళ్లు" అంటారు. ఆవిడ మొహం చూడాలి అప్పుడు. తన మొహం ఇంకా చూడాలి. "నేను డాక్టర్ని కాదండీ, నర్సుని" అంటాడు. అప్పుడు వాళ్ల కళ్లలో అతను ఒక మెట్టు దిగుతాడు, చప్పుడు కూడా వినిపిస్తుంది. "అయ్యో, డాక్టరు సీటు రాలేదా?" పెళ్లిచూపుల్లో భార్య పెదనాన్న అడిగింది కూడా అదే. రాక కాదండీ, ఇదే కావాలని చేరాను అంటే ఆయన పక్కనున్నాయనతో ఏదో గొణిగాడు. భార్య అప్పుడే లోపలినుంచి వస్తూ వింది. "నాకు జ్వరమొస్తే డాక్టరు చీటీ రాసి పోతాడు పెదనాన్నా, ఈయనైతే పక్కన కూర్చుంటాడు" అంది. ఆ ఒక్క మాటకి పెళ్లయింది. అదే మనిషి మొన్న గ్యాస్ బండ మార్చమంటే అతను మంచం మీంచి లేవలేకపోయాడు. "ఊరందర్నీ ఎత్తొస్తారు, ఇంట్లో బండ దగ్గరికొచ్చేసరికి నడుము గుర్తొస్తుంది" అని తనే దొర్లించుకుపోయింది. వెటకారంగానే అంది, కాని రాత్రి పడుకోబోయే ముందు నూనె వేడిచేసి తెచ్చింది, నడుము మీద చెయ్యి వేసి మెల్లగా రాసింది. వేళ్లకి తెలిసినట్టుంది. "సెలవు పెట్టండి" అంది. పెడితే ఎవరెత్తుతారు అన్నాడు. ఎంత వెధవ మాటది. చూడు, ఇప్పుడెవరెత్తుతున్నారో.

కూతురైతే ఇంకా సూటి. నాన్నా ఎత్తుకో అంటుంది, రేపమ్మా అంటాడు, రేపు కూడా రేపే. "అక్కడ పెద్ద పెద్ద వాళ్లని ఎత్తుతావంట, నేను చిన్నదాన్నేగా?" అంది నిన్న, చెప్పులు విప్పుకుంటూ. బరువు తక్కువని తననే ముందు ఎత్తుకోవాలి కదా అని ఆ పిల్ల లెక్క. సరైన లెక్కే. ఆ లెక్క ఈ ఆస్పత్రిలో ఒక్కరికీ రాదు. కూతుర్ని ఎత్తుకోవాల్సిన బలమంతా ఇక్కడ ఎత్తి ఎత్తి అవగొట్టుకుని ఇంటికి ఖాళీ చేతులతో పోతున్నాడు. బొటనవేలూ, ఒరేయ్, పలకరా. పిల్ల పాదాలు రెండూ తన పాదాల మీద పెట్టి నిలబడి, తను నడుస్తుంటే నడిచేది, చిన్నప్పుడు. ఆ ఎడమ పాదం మీద దాని మడమ ఎంత వెచ్చగా ఉండేదో గుర్తుంది. గుర్తుంది గాని ఇప్పుడు ఆ పాదమే తెలియడం లేదు.

నల్ల బూట్లు రెండు వచ్చి మంచం కొసన ఆగాయి. పాతవి, మడమలు ఒక పక్కకి అరిగినవి. పెద్ద సిస్టరు. ఆవిడంటే అతనికి ఎప్పటినుంచో మంట. జాకీని పిలవండి అని అందరికంటే ఎక్కువసార్లు అన్నది ఆవిడే. ఎప్పుడూ నిటారుగా నిలబడుతుంది, నడుముకి రెండు చేతులూ పెట్టుకుని, కర్ర మింగినట్టు. పెన్ను కింద పడితే తను తీయదు, "అమ్మాయ్, అది తియ్యి" అంటుంది. ఎంత పొగరు, వంగితే కిరీటం పడిపోతుందేమో అనుకునేవాడు. ఇప్పుడు తను చస్తున్నా కిందికి వంగి చూడదేం? అదుగో నిలబడింది చూడు, అని పళ్లు నూరుకుంటుండగా ఆ నల్ల బూట్లు మెల్లగా వెనక్కి జరిగాయి, ఒక చెయ్యి మంచం కమ్మీ పట్టుకుంది, ఒక మోకాలు ఆగి ఆగి వంగింది, మొహం ఎర్రబడిపోతూ ఆవిడ అతని ఎత్తుకి దిగబోయింది. దిగబోతుంటే తెల్లకోటు ఒక పక్క పైకి లేచింది. కోటు కింద పట్టీ. నడుము చుట్టూ వెడల్పాటి పట్టీ, ఒకప్పుడు తెల్లది, చెమటకి పసుపు తిరిగింది, అంటుకునే చోట పట్టు వదిలేస్తే నల్లదారంతో అడ్డంగా కుట్టుకుంది. నేల మీద పడుకున్నవాడికి తప్ప ఇంకెవరికీ కనిపించని చోట.

అతను చూశాడని ఆవిడ చూసింది.

"ఎప్పట్నుంచి మేడం?"

"నువ్వు రాకముందు ఇక్కడ రోగులు గాల్లో లేచి కుర్చీలో కూర్చునేవాళ్లనుకున్నావా?" అంది పెద్ద సిస్టరు, చాలా చిన్న గొంతుతో. "మేమే ఎత్తాం. నేను, నా ముందున్నావిడ. ఆవిడ ఇప్పుడు మంచంలోనే ఉంది. నువ్వొచ్చిన రోజు, హమ్మయ్య, మగాడొచ్చాడు అనుకున్నాను. అంతే, అంతకంటే ఏమీ అనుకోలేదు."

ఇప్పటిదాకా కోపమంతా ఎటు పోస్తున్నాడో ఆ గోడ కాస్తా పక్కకి జరిగినట్టయింది. పిలిచినవాళ్ల మీద కోపం. ఆడవాళ్లు హాయిగా చేతులు కట్టుకుని తన చేత మోయిస్తున్నారని కోపం. హాయి ఎక్కడ? కోటు కింద కుట్టుకున్న పట్టీలో ఉందా? వీళ్ల నడుములు అయిపోయాక తన నడుము తెచ్చి పెట్టారు. ఒక బల్బు మాడిపోతే ఇంకో బల్బు. ఇప్పుడు తనదీ మాడింది, ఆ ఊడిన లేసు పిల్ల ఉంది కదా, రేపు దాన్ని పెడతారు. మగా లేదు ఆడా లేదు పైవాళ్లకి, నడుములే ఉన్నాయి. ఇన్నాళ్లూ ఒకరి మీద ఒకరికి మంట పెట్టి కూర్చున్నారు, ఆవిడకి వంగడం రాదని తను, తనకి నొప్పి ఉండదని ఆవిడ.

మరి యంత్రమో? యంత్రం ఉందిరా బాబూ ఈ ఆస్పత్రిలో! అదీ అసలు కడుపుమంట. మనుషుల్ని ఎత్తే యంత్రం, ఇనుప చెయ్యి, దానికి వేలాడే జోలె, కింద చక్రాలు, చేత్తో పంపు కొడితే చాలు, ఎంత లావు మనిషైనా పసిబిడ్డలా లేస్తుంది. నేల మీంచి కూడా లేపుతుంది, అందుకే చేశారు దాన్ని. తెచ్చినవాడు అందరి ముందూ ఒకసారి వేసి చూపించి మళ్లీ ప్లాస్టిక్ చుట్టేసి పోయాడు. ఆ తర్వాత సూపరింటెండెంటు "ఖరీదైన వస్తువు, వాడితే పాడవుతుంది, జాకీ ఉన్నాడుగా" అని దుప్పట్ల గదిలో పెట్టించాడు. గది గడప ఎత్తు, చక్రాలు దాటవు. అప్పుడు దాన్ని ఎత్తి లోపల పెట్టింది ఎవరు? ఇంకెవరు. ఎత్తే యంత్రాన్ని ఎత్తిన మహానుభావుడు ఇదిగో నేలమీద. ఇప్పుడు దాని మీద తడి దుప్పట్లు ఆరేస్తున్నారు. మనిషి పాడైతే ఫరవాలేదు, వస్తువు పాడవకూడదు. మనిషికి ప్లాస్టిక్ చుట్టరు.

మెరిసే గోధుమరంగు బూట్లు. వార్డంతా సర్దుకున్న చప్పుడు. సూపరింటెండెంటు వచ్చాడు.

"ఏంటిది? ఏమైంది ఇక్కడ? ఎవరు చేశారు?"

కొత్తమ్మాయి బూట్లు రెండడుగులు వెనక్కి వేశాయి. గోధుమరంగు బూట్లు వెంటనే అటు తిరిగాయి, వేటకుక్క ముక్కులా. "నువ్వేనా? చూసుకోవాలా వద్దా? అదే చెప్తాను నేను, ఈ కాలం పిల్లలకి..."

"నా పొరపాటు సార్," అంది ఆ పిల్ల. "మూడు అంటారని ఆగాను."

"సరే, అది నా గదికొచ్చి మాట్లాడు. ముందీయన్ని లేపండి. ఇప్పుడు రోగుల్ని కలిసే టైము గంట కొడతారు, బయటివాళ్లంతా లోపలికొస్తారు, నర్సు నేలమీద పడి ఉంటే చూడ్డానికేం బాగుంటుంది? ఆ దుప్పటి తెండి. నలుగురూ తలా మూలా పట్టండి. పెద్ద సిస్టరూ, మీరు తల దగ్గర. ఒక్క ఊపు, అయిపోతుంది."

ఒక్క ఊపు. ఆ ఒక్క ఊపులో ఎడమ పాదం పోతుంది. ఆ ఒక్క ఊపులో కుట్టుకున్న పట్టీ పూర్తిగా తెగుతుంది, ఆ పిల్ల కొత్త నడుము మొదటిసారి టప్ మంటుంది. దుప్పటి పరుస్తున్న చప్పుడు. నల్ల బూట్లు తల దగ్గరికి రానే వచ్చాయి, ఆవిడ ఊపిరి బిగపట్టింది, వంగబోతోంది, మాట్లాడకుండా, ఇన్నేళ్లూ మాట్లాడనట్టే. మాట్లాడకపోవడం ఎంత బాగా నేర్పించారు మనకి. తను కూడా ఎంత మంచి విద్యార్థి. ఫోను మోగితే వస్తున్నా అనడం తప్ప ఇంకోమాట రాలేదు ఇన్నేళ్లూ. ఊపిరి. కత్తి తిరిగితే తిరగనీ. పీల్చాడు.

"ఎవరూ నన్ను ముట్టుకోవద్దు."

గొంతు తనదేనా అనిపించింది.

"ఏమయ్యా, నీ మంచికే కదా. లేపకపోతే ఎలా?"

"యంత్రంతో లేపండి."

"ఏ యంత్రం?"

పైనుంచి స్ప్రింగులు కిర్రుమన్నాయి. బేకరీ ఆవిడ ఇంకా అతని చెయ్యి వదల్లేదు, పట్టు ఇంకాస్త బిగించింది. "ఏ యంత్రమో ఆయనకి తెలీదంట! సారూ, మా బేకరీలో పిండి బస్తా ఎత్తడానికి కూడా బండి కొన్నాను నేను. బస్తా పాటి చేయడా ఈ అబ్బాయి?"

"అమ్మా, మీరు ఊరుకోండి. అదంతా తర్వాత మాట్లాడుకుందాం. దానికి అనుమతులుంటాయి, శిక్షణ ఉంటుంది, పాడైతే ఎవరు..."

గంట మోగింది. వరండా చివర తలుపులు బార్లా తెరుచుకున్న చప్పుడు, తర్వాత కాళ్లు, ఎన్నెన్ని కాళ్లు, చెప్పులు, బూట్లు, చంటిపిల్లల గజిబిజి అడుగులు, సంచుల రాపిడి, గిన్నెల చప్పుడు. ఒక్కొక్క జతా గుమ్మంలో వేగంగా వచ్చి టక్కున ఆగిపోతోంది. చూడనీ. ఇన్నాళ్లూ తెర కింద నుంచి మేం చూశాం, ఇవాళ తెర లేదు, మీరు చూడండి. పెద్ద సిస్టరు నిటారుగా లేచి నిలబడింది. పట్టుకున్న దుప్పటి కొస వదిలేసింది. అది మెత్తగా అతని భుజం మీద పడింది.

"నేను ఎత్తను సార్," అంది ఆవిడ, అందరికీ వినిపించేలా. "నా వల్ల కాదు. చాలాకాలంగా కావడం లేదు."

తక్కిన నర్సులు పట్టిన మూడు మూలలు కూడా ఒకటొకటిగా నేలకి జారాయి. గోధుమరంగు బూట్లు అటు రెండడుగులు, ఇటు రెండడుగులు వేసి, ఎటూ పోలేక నిలబడ్డాయి. అప్పుడు అతను మాట్లాడాడు. బిగ్గరగా కాదు, బిగ్గరగా మాట్లాడేంత ఊపిరి లేదు. పైకప్పు వంక చూస్తూ, లోపల ఇందాకట్నుంచి అరుస్తున్నదాన్నే, ఇప్పుడు మాత్రం ఒక్కొక్క మాటా నేలమీద పెడుతూ మాట్లాడాడు.

"దుప్పట్ల గది తాళం తీయండి. యంత్రం మీద ఆరేసిన దుప్పట్లు తీసేసి ప్లాస్టిక్ చింపండి, విప్పక్కర్లేదు, చింపండి. గడప దగ్గర ఎవరూ ఎత్తొద్దు, చెక్క వేసి దొర్లించండి. జోలె నా కింద ఎలా దూర్చాలో నేను చెప్తాను, పక్కకి దొర్లించడానికి ఇద్దరు మోకాళ్ల మీద కూర్చుంటే చాలు, నడుము ఎవరూ వంచొద్దు. ముందు నన్ను లేపండి, స్కానింగుకి పంపండి. ఆ తర్వాత ఈ అమ్మని దాంతోనే కుర్చీలో కూర్చోబెట్టండి, ఇవాళే, డాక్టరు చెప్పాడు. రేపట్నుంచి ఈ ఆస్పత్రిలో ఏ మనిషినీ మనిషి నడుము మీద ఎత్తొద్దు. ట్రాలీల వాళ్లని మళ్లీ తీసుకోండి. ఆ పిల్లని మీ గదికి పిలవొద్దు, పిలిస్తే మమ్మల్నందర్నీ పిలవండి. నేను మళ్లీ నిలబడ్డ రోజున నాకు మందుల ట్రే ఇవ్వండి, సూది ఇవ్వండి. రోగి వద్దంటే బయటికి పోతాను, మీరు వద్దంటే పోను. మగాణ్ని పిలవండి అనడం ఇవాళ్టితో ఆపండి, నర్సుని పిలవండి. తాళం ఎక్కడుందో మీకు తెలుసు సార్. ఒకటి. రెండు. మూడు దాకా ఆగకండి, కదలండి."